డోరతీ హాడ్జ్‌కిన్

డోరతీ మేరీ క్రోఫుట్ హాడ్జ్‌కిన్ (మే 12, 1910 - జూలై 29, 1994) బ్రిటిషు రసాయన శాస్త్రవేత్త, ఎక్స్-కిరణ స్ఫటిక విజ్ఞానంలో అగ్రగణ్యురాలు. పెన్సిలిన్, విటమిన్ బి12, ఇన్సులిన్ అణువుల త్రిమితీయ నిర్మాణాలను ఈమె, ఈమె బృందం వెల్లడించారు. 1964 సంవత్సరపు రసాయన శాస్త్ర నోబెల్ పురస్కారం ఈమె ఒక్కరికే లభించింది. మేరీ క్యూరీ (1911), ఐరీన్ జోలియట్ క్యూరీ (1935) తరువాత రసాయన శాస్త్రంలో ఈ పురస్కారం పొందిన మూడవ మహిళ ఈమె.

కంటికి కనిపించని అణువు ఆకారాన్ని తెలుసుకొనుటకు ఎక్స్-కిరణాలు సాధనం. అయితే అవే కిరణాలు తాము చూపించే అణువును క్రమంగా ధ్వంసం చేస్తాయి. సుకుమారమైన జీవ పదార్థాన్ని చెడగొట్టకుండా చూడగలగడం ఎట్లా అనే సమస్య డోరతీ తొలి పరిశోధనలతోనే ఆరంభమైనది. ఆమె మరణానంతరం అది స్ఫటిక విజ్ఞానంలో ఒక ప్రత్యేక శాఖగా వృద్ధి చెందింది.

== బాల్యం ==

డోరతీ ఈజిప్టు రాజధాని కైరోలో జన్మించింది. తండ్రి జాన్ వింటర్ క్రోఫుట్ ఈజిప్టు, సూడాను దేశాలలో విద్యాశాఖలో పనిచేసి, పిమ్మట పురావస్తు పరిశోధకుడిగా పేరు పొందాడు. తల్లి గ్రేస్ మేరీ (మోలీ) ప్రాచీన వస్త్రాల నేతపైన, వృక్షజాతులపైన పరిశోధన చేసిన విదుషీమణి. వారి నలుగురు కుమార్తెలలో డోరతీ పెద్దది. మొదటి ప్రపంచ యుద్ధం ఆరంభమైనపుడు పిల్లలను ఇంగ్లండులో ఉంచి తల్లిదండ్రులు తిరిగి విధులకు వెళ్ళవలసి వచ్చింది. అందుచేత చిన్న వయసులోనే చెల్లెళ్ళ బాగోగులు చూసుకొనే బాధ్యత ఈమెపై పడింది.

పది సంవత్సరాల వయసులో పటికను, మైలతుత్తాన్ని నీటిలో కరిగించి స్ఫటికాలు పెంచడం నేర్చుకొన్నది. ద్రావణం నుండి మెల్లమెల్లగా నునుపైన ముఖాలతో స్ఫటికం రూపుదిద్దుకొనడం ఆమెను ఆకర్షించింది. 1923లో తల్లిదండ్రుల వద్దకు ఖార్టూమ్ వెళ్ళినపుడు అక్కడి మృత్తికా రసాయనవేత్త ఎ.ఎఫ్.జోసెఫ్ ఆమె ఆసక్తిని గమనించి, ఖనిజాలను పరీక్షించుటకు కావలసిన రసాయనాల పెట్టెను బహూకరించాడు. ఇంటి అటకపై ఆమె చిన్న ప్రయోగశాలను ఏర్పరచుకొన్నది.

బెకల్స్ పట్టణంలోని సర్ జాన్ లెమన్ పాఠశాలలో రసాయన శాస్త్రం బాలురకు మాత్రమే బోధించేవారు. డోరతీకి, ఆమె స్నేహితురాలికి ప్రత్యేక అనుమతి లభించి బాలురతో కలిసి ఆ తరగతులకు హాజరయ్యారు. పదహారవ ఏట తల్లి ఆమెకు విలియం హెన్రీ బ్రాగ్ బాలల కొరకు చేసిన ఉపన్యాసాల గ్రంథాన్ని కానుకగా ఇచ్చింది. ఎక్స్-కిరణాల సహాయంతో స్ఫటికంలోని పరమాణువుల అమరికను తెలుసుకొనవచ్చునని ఆమె అందులో చదివింది. ఆమె జీవిత మార్గం అప్పుడే నిశ్చయమైనదని చెప్పవచ్చును.

== విద్యాభ్యాసం ==

1928లో ఆక్స్‌ఫర్డ్ విశ్వవిద్యాలయంలోని సోమర్‌విల్ కళాశాలలో చేరింది. చేరుటకు ముందు కొంతకాలం తల్లిదండ్రులతో జెరాష్ (నేటి జోర్డాన్) తవ్వకాలలో పాల్గొని, ప్రాచీన చర్చీల నేలపై ఉన్న రంగురాళ్ళ చిత్రాలకు నకళ్ళు గీసింది. పునరావృతమయ్యే ఆకృతులను ఓపికగా, తప్పు లేకుండా నమోదు చేసే అలవాటు ఆమెకు తరువాత స్ఫటిక శాస్త్రంలో ఎంతగానో ఉపకరించింది.

చివరి సంవత్సరంలో హెచ్.ఎం.పావెల్ పర్యవేక్షణలో థాలియం సమ్మేళనాల స్ఫటికాలను ఎక్స్-కిరణాలతో పరిశీలించి, 1932లో ప్రథమ శ్రేణిలో పట్టభద్రురాలైంది. అదే సంవత్సరం కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో జాన్ డెస్మండ్ బెర్నాల్ వద్ద పరిశోధక విద్యార్థినిగా చేరింది. స్టెరాయిడ్ల స్ఫటికాలపై చేసిన కృషికి 1937లో డాక్టరేటు పొందింది.

== పెప్సిన్ స్ఫటికం ==

బెర్నాల్ ప్రయోగశాలలో 1934లో జరిగిన ఒక సంఘటన ప్రోటీన్ల అధ్యయనానికి నాంది పలికింది. జీర్ణరసంలోని పెప్సిన్ అనే ఎంజైము స్ఫటికాలు స్వీడన్‌లోని ఉప్సాలాలో జాన్ ఫిల్పాట్ పెంచగా, అవి పెరిగిన ద్రావణంతో సహా కేంబ్రిడ్జికి చేరాయి. బెర్నాల్ మొదట ఒక స్ఫటికాన్ని ద్రావణం నుండి వెలికి తీసి పరీక్షించాడు. స్ఫటికం గాలికి ఆరిపోయి, ఎక్స్-కిరణ చిత్రంలో చెప్పుకోదగిన చుక్కలేవీ రాలేదు. అప్పుడు అతడు స్ఫటికాన్ని దాని ద్రావణంతో పాటు సన్నని గాజు గొట్టంలో ఉంచి మూసివేశాడు. ఈసారి ఫలకంపై వందలాది చుక్కలు స్పష్టంగా ఏర్పడినవి.

ఈ ప్రయోగం వలన రెండు విషయాలు తెలిసినవి. మొదటిది, ప్రోటీన్లు నిర్దిష్ట ఆకారం లేని జిగురు పదార్థాలు కావు. ప్రతి అణువుకు ఖచ్చితమైన నిర్మాణం ఉన్నది. రెండవది, ప్రోటీన్ స్ఫటికంలో నీరు అంతర్భాగం. నీటిని కోల్పోతే స్ఫటికం తన క్రమాన్ని కోల్పోతుంది. తొలి చిత్రం తీసిన రోజున డోరతీ ప్రయోగశాలలో లేదు. చేతుల కీళ్ళ నొప్పులకు కారణం తెలుసుకొనుటకు లండనులో వైద్యుని వద్దకు వెళ్ళింది. తిరిగి వచ్చి ఆ పరిశీలనలో పాలుపంచుకొన్నది. బెర్నాల్, డోరతీల వ్యాసం 1934 మే నెలలో నేచర్ పత్రికలో ప్రచురితమైంది.

ఆ వైద్య పరీక్షలో బయటపడినది కీళ్ళవాతం. అప్పటికి ఆమె వయసు 24 సంవత్సరాలు. ఆ వ్యాధి ఆమె చేతివేళ్ళను, పాదాలను జీవితాంతం వంకరలు తిప్పుతూ వచ్చింది. ఎక్స్-కిరణ యంత్రపు మీటను వేళ్ళతో నొక్కలేక, దానికి పొడవైన కడ్డీని అమర్చుకొన్నది. అయినప్పటికీ మిల్లీమీటరులో కొద్ది వంతు ఉండే స్ఫటికాలను గాజు పోగు కొనపై నిలపడంలో ఆమెకు సాటి రాగలవారు అరుదుగా ఉండేవారు.

== ఆక్స్‌ఫర్డ్‌లో ఇన్సులిన్ ==

1934లోనే డోరతీ ఆక్స్‌ఫర్డ్‌కు తిరిగి వచ్చింది. విశ్వవిద్యాలయ మ్యూజియం భవనంలో ఆమెకు కేటాయించిన స్థలం సౌకర్యవంతమైనది కాదు. ఎక్స్-కిరణ యంత్రాలు నేలమట్టానికి దిగువన ఉండేవి. సూక్ష్మదర్శినికి కావలసిన వెలుతురు ఎత్తైన కిటికీ వద్ద మాత్రమే ఉండడంతో, స్ఫటికాన్ని చేతబట్టుకొని నిచ్చెన ఎక్కి దిగవలసి వచ్చేది. అధ్యాపకుల రసాయన శాస్త్ర సంఘపు సమావేశాలలో మహిళలకు ప్రవేశం ఉండేది కాదు. 1936లో సోమర్‌విల్ కళాశాల ఫెలోగా నియమితురాలైంది.

ప్రముఖ రసాయనవేత్త రాబర్ట్ రాబిన్సన్ 1934లో ఆమెకు కొద్దిపాటి ఇన్సులిన్ స్ఫటికాలను ఇచ్చాడు. మధుమేహ వ్యాధిగ్రస్తుల ప్రాణాలను నిలిపే ఈ హార్మోను 1921లో కనుగొనబడింది. ఇచ్చిన స్ఫటికాలు మరీ చిన్నవి కావడంతో వాటిని కరిగించి, ద్రావణాన్ని మెల్లగా చల్లార్చి పెద్ద స్ఫటికాలను పెంచింది. వాటి ఎక్స్-కిరణ చిత్రంలో చుక్కలు కనిపించిన రాత్రి ఆనందంతో నిద్రపట్టక పట్టణ వీధులలో నడిచిందని ఆమె జీవిత చరిత్రకారులు తెలిపారు. 1935లో ఒంటరి రచయిత్రిగా ఆ ఫలితాన్ని ప్రకటించింది.

ఇన్సులిన్ స్ఫటికాలు ఆరినప్పటికీ కొంత క్రమాన్ని నిలుపుకొన్నాయి. అందుకే ఆమెకు ఆ చిత్రం లభించింది. కాని పొడి స్ఫటికాలు ఇచ్చిన సమాచారం పరిమితమైనది. తరువాత తడి స్ఫటికాలతో తీసిన చిత్రాలు మరింత సూక్ష్మమైన వివరాలను చూపాయి. అయితే అంత పెద్ద అణువును ఛేదించే గణిత పద్ధతులు గాని, యంత్రాలు గాని ఆనాడు లేవు. ఇన్సులిన్ నిర్మాణం తేలుటకు మరి 34 సంవత్సరాలు పట్టింది.

== ఎక్స్-కిరణ స్ఫటిక విజ్ఞానం ==

కాంతితో చూసే సూక్ష్మదర్శిని పరమాణువులను చూపలేదు. దృగ్గోచర కాంతి తరంగదైర్ఘ్యం పరమాణువుల మధ్య దూరం కంటే వేల రెట్లు ఎక్కువ కావడమే దీనికి కారణం. ఎక్స్-కిరణాల తరంగదైర్ఘ్యం ఆ దూరానికి (సుమారు 1 ఆంగ్‌స్ట్రామ్, అనగా సెంటీమీటరులో పది కోట్ల వంతు) సరిసమానంగా ఉంటుంది. ఒక్క అణువు నుండి వెలువడే సంకేతం అతి బలహీనమైనది. స్ఫటికంలో కోటానుకోట్ల అణువులు ఒకే క్రమంలో అమరి ఉంటాయి కనుక వాటి సంకేతాలన్నీ కలిసి ఫలకంపై చుక్కలుగా ఏర్పడుతాయి.

చుక్కల తీవ్రతను కొలవవచ్చును గాని, తరంగాల దశ తెలియదు. దశ తెలియనిదే అణువు చిత్రాన్ని నిర్మించుట సాధ్యం కాదు. దీనినే దశా సమస్య అంటారు. భారమైన పరమాణువును అణువులో చేర్చి, చేర్చక ముందు, చేర్చిన తరువాత చుక్కలలో కలిగిన మార్పును బట్టి దశను రాబట్టడం ఒక మార్గం. డోరతీ ఈ మార్గంలో సిద్ధహస్తురాలు. 1940లలో హ్యారీ కార్లైల్‌తో కలిసి అయొడిన్ పరమాణువు గల కొలెస్టరాల్ సమ్మేళనపు పూర్తి నిర్మాణాన్ని ఆమె సాధించింది.

== పెన్సిలిన్ ==

రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో పెన్సిలిన్‌ను కృత్రిమంగా తయారు చేయాలనే తపనతో బ్రిటన్, అమెరికాలలోని రసాయనవేత్తలు దాని నిర్మాణం కొరకు అన్వేషించారు. అణువు చిన్నదే అయినా పరిస్థితులు కొద్దిగా మారినంతనే విడిపోయి వేర్వేరు పదార్థాలుగా మారేది. విడిపోయిన ముక్కలను బట్టి అసలు రూపాన్ని ఊహించడంలో రసాయనవేత్తల మధ్య తీవ్ర భేదాభిప్రాయాలు తలెత్తాయి. మూడు కర్బన పరమాణువులు, ఒక నత్రజని పరమాణువు గల బీటా-లాక్టమ్ వలయం అందులో ఉన్నదని కొందరు వాదించగా, అటువంటి ఒత్తిడికి లోనైన వలయం ఉండజాలదని రాబిన్సన్ వంటి ఉద్దండులు నిరాకరించారు.

డోరతీ, ఆమె విద్యార్థిని బార్బరా లో కలిసి పెన్సిలిన్ పొటాషియం, రుబిడియం లవణాల స్ఫటికాలను పరిశీలించారు. సోడియం లవణాన్ని చార్లెస్ బన్ నార్త్‌విచ్‌లో పరిశీలించాడు. లెక్కలలో కొంత భాగానికి రంధ్రాలు గల కార్డులతో పనిచేసే యంత్రాలను వాడారు. 1945లో యుద్ధం ముగిసే నాటికి బీటా-లాక్టమ్ వలయం నిస్సందేహంగా రుజువైంది. యుద్ధకాలపు గోప్యత వలన పూర్తి వివరాలు 1949లో వెలువడ్డాయి. బాక్టీరియాలను చంపే శక్తి పెన్సిలిన్‌కు ఆ సులభంగా తెగిపోయే వలయం వలననే కలుగుతున్నది. తరువాతి కాలపు అనేక అర్ధ కృత్రిమ పెన్సిలిన్ల తయారీకి ఈ జ్ఞానం ఆధారమైంది.

== విటమిన్ బి12 ==

ప్రాణాంతక రక్తహీనత అనే వ్యాధికి కాలేయం ఆహారంగా ఇవ్వడం మందని 1920లలో తెలిసినది. కాలేయంలోని ఆ ఔషధ పదార్థం కొరకు అనేక దేశాలలో అన్వేషణ సాగింది. భీమవరంలో జన్మించి, అమెరికాలో లెడర్లే ప్రయోగశాలకు నేతృత్వం వహించిన యల్లాప్రగడ సుబ్బారావు కూడా కాలేయ సారంపై విస్తృతంగా పరిశోధించినవారిలో ఒకడు. ఆ కృషి నుండి ఫోలిక్ ఆమ్లం సంశ్లేషణ సిద్ధించింది. ఫోలిక్ ఆమ్లం రక్తాన్ని మెరుగుపరచినా, ప్రాణాంతక రక్తహీనతలో నరాలకు కలిగే హానిని ఆపలేకపోయింది. అసలు పదార్థమైన బి12 ఎర్రని స్ఫటికాలుగా 1948లో అమెరికాలో మెర్క్ సంస్థలోను, ఇంగ్లండులో గ్లాక్సో సంస్థలోను వేరుచేయబడింది. సుబ్బారావు ఆ సంవత్సరం ఆగస్టులోనే మరణించాడు.

గ్లాక్సోకు చెందిన లెస్టర్ స్మిత్ డోరతీకి ఆ స్ఫటికాలను అందించాడు. అణువులో 181 పరమాణువులు, మధ్యన ఒక కోబాల్టు పరమాణువు ఉన్నాయి. అంతకు ముందు అంత జటిలమైన పదార్థాన్ని, రసాయన సూత్రం పూర్తిగా తెలియకుండానే, ఎక్స్-కిరణాలతో ఎవరూ ఛేదించలేదు. లాస్ ఏంజెలెస్‌లోని కెన్నెత్ ట్రూబ్లడ్ అప్పటి ఎలక్ట్రానిక్ కంప్యూటరుపై లెక్కలు చేసి ఫలితాలను ఉత్తరాల ద్వారా, తంతి ద్వారా పంపేవాడు. కోబాల్టు చుట్టూ కోరిన్ అనే మునుపెన్నడూ తెలియని వలయం ఉన్నదని తేలింది. నిర్మాణం 1956లో ప్రకటించబడింది.

శరీరంలో పనిచేసే రూపమైన బి12 సహఎంజైము నిర్మాణాన్ని 1961లో పి.జి.లెన్హర్ట్‌తో కలిసి వెల్లడించింది. అందులో కోబాల్టుకు, కర్బనానికి మధ్య ప్రత్యక్ష బంధం కనిపించింది. జీవ పదార్థాలలో లోహానికి, కర్బనానికి మధ్య అటువంటి బంధం ఉండగలదని అంతకు ముందు ఎవరూ ఊహించలేదు. ఈ బంధం వెలుతురు తగిలితేనే తెగిపోయేటంత సున్నితమైనది.

== ఇన్సులిన్ నిర్మాణం ==

ఇన్సులిన్‌లో 51 అమైనో ఆమ్లాలు రెండు గొలుసులుగా ఉన్నాయని, గంధకపు పరమాణువుల మధ్య ఏర్పడిన మూడు డైసల్ఫైడ్ బంధాలు ఉన్నాయని ఫ్రెడరిక్ సాంగర్ 1955 నాటికి నిరూపించాడు. ఈ మూడింటిలో రెండు బంధాలు గొలుసులను ఒకదానితో ఒకటి కలుపుతాయి. మూడవది ఒకే గొలుసులోనిది. గొలుసు తయారైన తరువాత శరీరకణం దానిని మడచి ఈ బంధాలను ఏర్పరుస్తుంది. కనుక ఇవి ప్రోటీన్ పుట్టిన పిమ్మట కలిగే మార్పుల కోవకు చెందినవి.

స్ఫటికంలో ఆరు ఇన్సులిన్ అణువులు రెండు జింకు అయాన్ల చుట్టూ చేరి ఉంటాయి. సీసం, పాదరసం వంటి భారలోహాలను చేర్చి దశలను రాబట్టుటకు డోరతీ బృందం అనేక సంవత్సరాలు శ్రమించింది. గై డాడ్సన్, ఎలినార్ డాడ్సన్, మార్గరెట్ ఆడమ్స్, టామ్ బ్లండెల్, భారతదేశానికి చెందిన ఎం.విజయన్ తదితరులు ఈ బృందంలో ఉన్నారు. 1969లో 2.8 ఆంగ్‌స్ట్రామ్‌ల సూక్ష్మతతో ఇన్సులిన్ నిర్మాణం వెల్లడైంది. తరువాతి సంవత్సరాలలో 1.5 ఆంగ్‌స్ట్రామ్‌ల వరకు మెరుగుపరచబడింది.

== ఎక్స్-కిరణాల వలన కలిగే హాని ==

పెన్సిలిన్ వంటి చిన్న అణువుల స్ఫటికాలు ఎక్స్-కిరణాలకు చాలాసేపు తట్టుకొంటాయి. ప్రోటీన్ స్ఫటికాలు అట్లా కాదు. సాధారణ ఉష్ణోగ్రత వద్ద కొన్ని గంటల కిరణ ప్రసారంతోనే చుక్కలు మసకబారేవి. అందుచేత ఆనాటి పరిశోధకులు ఒకే ప్రోటీన్ కొలతలకు అనేక స్ఫటికాలను బలి పెట్టవలసి వచ్చేది. దీనిని తొలిసారి లెక్కగట్టి చూపినవారు కాలిన్ బ్లేక్, డేవిడ్ ఫిలిప్స్. 1962లో మయోగ్లోబిన్ స్ఫటికాలపై వారు చేసిన పరిశోధన ప్రకారం, స్ఫటికంలో ఇంకిన ఒక్కొక్క ఎక్స్-కిరణ ఫోటాను సుమారు 70 అణువులను ధ్వంసం చేసి, మరో 90 అణువుల క్రమాన్ని చెదరగొట్టింది. ఫిలిప్స్ 1966లో ఆక్స్‌ఫర్డ్ చేరి డోరతీకి సహచర ఆచార్యుడైనాడు.

స్ఫటికంతో ప్రతిచర్య జరిపే ఫోటాన్లలో ఉపయోగపడే వివర్తనాన్ని ఇచ్చేవి సుమారు 8 శాతం మాత్రమే. మిగిలినవి స్ఫటికంలో శక్తిని విడుస్తాయి. ఇంకిన ఫోటాను ఒక ఎలక్ట్రానును వెలికి నెడుతుంది. ఆ ఎలక్ట్రాను తన దారిలో మరికొన్ని వందల ఎలక్ట్రానులను విడిపిస్తుంది. స్ఫటికంలోని నీరు విచ్ఛిన్నమై చురుకైన స్వేచ్ఛా ప్రాతిపదికలు పుడతాయి. ఇవి కదులుతూ అణువులో ఎక్కడ బలహీనత ఉంటే అక్కడ దెబ్బ తీస్తాయి.

ఈ హాని అన్ని చోట్లా ఒకే విధంగా ఉండదని 2000లో గ్రెనోబుల్ (ఫ్రాన్సు) సింక్రోట్రాన్ వద్ద జరిగిన పరిశోధనలు స్పష్టపరచాయి. లోహ అయాన్లు ఎలక్ట్రానులను గ్రహించి మొట్టమొదట మార్పు చెందుతాయి. పిమ్మట డైసల్ఫైడ్ బంధాలు సాగి తెగిపోతాయి. ఆ తరువాత ఆస్పార్టిక్, గ్లుటామిక్ ఆమ్లాల చివరి భాగం కార్బన్ డయాక్సైడుగా ఊడిపోతుంది. సిస్టీన్‌లోని గంధకానికి నైట్రిక్ ఆక్సైడు చేరగా ఏర్పడే మార్పు వంటివి మరింత సుకుమారమైనవి. చుక్కలు ఇంకా స్పష్టంగా ఉండగానే ఇవి మాయమవుతాయి. ఫలితంగా పరిశోధకునికి చక్కని చిత్రం లభిస్తుంది గాని, అందులో తాను వెదకిన భాగమే ఉండదు. అది ప్రోటీన్‌లో మొదటి నుండి లేదో, కిరణాల వలన పోయిందో చిత్రం చెప్పదు.

డోరతీ ఎన్నుకొన్న అణువులకు ఈ జాబితాతో దగ్గరి సంబంధం ఉన్నది. ఇన్సులిన్‌లోని డైసల్ఫైడ్ బంధాలు, బి12లోని కోబాల్టు ఎక్స్-కిరణాలకు ముందుగా లోనయ్యే భాగాలే.

== హానిని తగ్గించే మార్గాలు ==

ప్రోటీన్ స్ఫటికాన్ని చెడకుండా కాపాడుటకు తరువాతి తరాల శాస్త్రవేత్తలు అనేక పద్ధతులను రూపొందించారు.

* శీతలీకరణ: స్ఫటికాన్ని సుమారు 100 కెల్విన్ (−173 డిగ్రీల సెల్సియస్) వరకు చల్లని నత్రజని వాయువులో ఉంచుతారు. ఆ చలిలో చాలా ప్రాతిపదికలు కదలలేవు. గది ఉష్ణోగ్రతతో పోల్చితే స్ఫటికం దాదాపు 70 రెట్లు ఎక్కువ కిరణాలను తట్టుకొంటుంది. నీరు గడ్డకట్టి స్ఫటికాన్ని చీల్చకుండా గ్లిజరాల్ వంటి పదార్థాన్ని కలుపుతారు. 1980ల చివర హాకన్ హోప్ కృషితో ఈ పద్ధతి వ్యాప్తిలోకి వచ్చింది. ఎలక్ట్రానులు మాత్రం ఈ చలిలో కూడా కదలగలవు. అందువలన లోహాలకు, డైసల్ఫైడ్లకు కలిగే హాని పూర్తిగా ఆగదు.
* మోతాదును లెక్కించడం: స్ఫటికం గ్రహించిన శక్తిని గ్రే అనే ప్రమాణంతో కొలుస్తారు. ఒక కిలోగ్రాములో ఒక జౌలు శక్తి ఇంకితే ఒక గ్రే. 1990లో రిచర్డ్ హెండర్సన్ రెండు కోట్ల గ్రేల పరిమితిని సూచించాడు. 2006లో ఆక్స్‌ఫర్డ్‌కు చెందిన ఎల్స్‌పెత్ గార్మన్, ఆమె సహచరులు ప్రయోగపూర్వకంగా మూడు కోట్ల గ్రేలను పరిమితిగా ప్రతిపాదించారు. మానవ శరీరానికి నాలుగైదు గ్రేలే ప్రాణాంతకం కాగలవు. అయితే సున్నితమైన బంధాలు ఈ పరిమితికి ఎంతో ముందుగానే తెగిపోతాయి కనుక వాటి విషయంలో మోతాదు మరింత తక్కువగా ఉండాలి.
* మోతాదును పంచడం: కిరణపుంజాన్ని ఒకేచోట నిలపక స్ఫటికం పొడవునా జరపడం, లేదా అనేక స్ఫటికాల నుండి కొద్దికొద్దిగా కొలతలు సేకరించి కలపడం.
* కావలి ఉంచడం: ఎక్స్-కిరణాలు పడుతున్నపుడే స్ఫటికం రంగును వర్ణపటమాపకంతో గమనిస్తారు. లోహం స్థితి మారిన వెంటనే రంగు మారుతుంది. ఆ క్షణానికి ముందు సేకరించిన కొలతలను మాత్రమే స్వీకరిస్తారు.
* విధ్వంసం కంటే ముందే చూడడం: స్వేచ్ఛా ఎలక్ట్రాన్ లేజరు నుండి వెలువడే ఎక్స్-కిరణ స్పందన కొన్ని పదుల ఫెమ్టోసెకన్లు (సెకనులో కోటి కోట్ల వంతుకు కొన్ని రెట్లు) మాత్రమే ఉంటుంది. అణువు చెదిరిపోక ముందే చిత్రం నమోదవుతుంది. దీని సాధ్యతను 2000లో లెక్కలతో చూపగా, 2011లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ లేజరుతో ప్రోటీన్ సూక్ష్మ స్ఫటికాలపై నిరూపించారు. మొక్కలలో నీటిని విడదీసే ఫోటోసిస్టమ్-2లోని మాంగనీసు కేంద్రం సాధారణ ఎక్స్-కిరణాలతో మారిపోతుందని 2005లో తెలిసినది. 2014లో జపాను శాస్త్రవేత్తలు లేజరు స్పందనలతో దాని చెడని రూపాన్ని ప్రకటించారు.

సుకుమారమైన పదార్థాన్ని దాని సహజ స్థితిలోనే ఉంచి చూడాలన్న నియమం 1934లో పెప్సిన్ స్ఫటికాన్ని తడిగా గాజు గొట్టంలో మూసినపుడు ఆరంభమైనది. పైన చెప్పిన పద్ధతులన్నీ ఆ నియమానికి కొనసాగింపులే.

== భారతదేశంతో సంబంధాలు ==

డోరతీ ప్రయోగశాలలో పలువురు భారతీయులు పనిచేశారు. బి12 సంబంధిత పదార్థాల పరిశోధనలో కె.వెంకటేశన్, ఇన్సులిన్ పరిశోధనలో ఎం.విజయన్ పాల్గొన్నారు. విజయన్ స్వదేశానికి తిరిగి వచ్చి బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలో ప్రోటీన్ స్ఫటిక విజ్ఞాన కేంద్రాన్ని తీర్చిదిద్దాడు. అతడు 2022లో మరణించాడు. ఎస్.రామశేషన్ తదితరుల సంపాదకత్వంలో డోరతీ పరిశోధన వ్యాసాల సంకలనం 1994లో బెంగుళూరు నుండి వెలువడింది. ఇండోరులోని ఇండస్-2 సింక్రోట్రాన్ వద్ద ప్రోటీన్ స్ఫటికాల కొరకు ప్రత్యేక కిరణమార్గం ఏర్పాటైంది.

== వ్యక్తిగత జీవితం, శాంతి ఉద్యమం ==

1937లో చరిత్రకారుడు థామస్ హాడ్జ్‌కిన్‌ను వివాహమాడింది. వీరికి ల్యూక్, ఎలిజబెత్, టోబీ అనే ముగ్గురు సంతానం. థామస్ ఆఫ్రికా దేశాల చరిత్రలో నిష్ణాతుడు. ఘనాలో కొంతకాలం పనిచేశాడు. 1964లో నోబెల్ పురస్కార వార్త వెలువడినపుడు డోరతీ ఘనాలోనే ఉన్నది. థామస్ 1982లో మరణించాడు.

విజ్ఞానానికి దేశాల సరిహద్దులు అడ్డుకారాదని ఆమె విశ్వసించింది. శాస్త్రవేత్తల శాంతి సంఘంతో సంబంధం ఉన్నదనే కారణంగా 1953లో అమెరికా ప్రభుత్వం ఆమెకు ప్రవేశానుమతి నిరాకరించింది. చైనాను పలుమార్లు సందర్శించి, అక్కడ స్వతంత్రంగా ఇన్సులిన్ నిర్మాణాన్ని సాధించిన శాస్త్రవేత్తల కృషిని ప్రపంచానికి తెలియజేసింది. అణ్వాయుధాలకు వ్యతిరేకంగా పనిచేసే పగ్వాష్ సంస్థకు 1976 నుండి 1988 వరకు అధ్యక్షత వహించింది. బ్రిటన్ ప్రధానిగా పనిచేసిన మార్గరెట్ థాచర్ సోమర్‌విల్ కళాశాలలో ఈమె విద్యార్థిని. రాజకీయాలలో ఇరువురివీ భిన్నధ్రువాలైనా పరస్పర గౌరవం నిలిచి ఉండినది.

== పదవులు, పురస్కారాలు ==

* 1947 - రాయల్ సొసైటీ ఫెలో
* 1960 నుండి 1977 - రాయల్ సొసైటీ వుల్ఫ్‌సన్ పరిశోధన ఆచార్య పదవి
* 1964 - రసాయన శాస్త్రంలో నోబెల్ పురస్కారం
* 1965 - ఆర్డర్ ఆఫ్ మెరిట్ (ఫ్లోరెన్స్ నైటింగేల్ తరువాత దీనిని పొందిన రెండవ మహిళ)
* 1970 నుండి 1988 - బ్రిస్టల్ విశ్వవిద్యాలయ ఛాన్సలర్
* 1972 నుండి 1975 - అంతర్జాతీయ స్ఫటిక విజ్ఞాన సంఘం అధ్యక్షురాలు
* 1976 - రాయల్ సొసైటీ వారి కోప్లీ పతకం
* 1987 - లెనిన్ శాంతి బహుమతి

== చివరి రోజులు ==

పదవీ విరమణ తరువాత కూడా ఇన్సులిన్ నిర్మాణంపై ఆసక్తి వీడలేదు. 1988లో బృందం సభ్యులతో కలిసి 1.5 ఆంగ్‌స్ట్రామ్‌ల స్థాయి నిర్మాణంపై సుదీర్ఘమైన వ్యాసం ప్రచురించింది. 1993లో ఆరోగ్యం పూర్తిగా క్షీణించినా, చక్రాల కుర్చీలో బీజింగ్ వెళ్ళి అంతర్జాతీయ స్ఫటిక విజ్ఞాన మహాసభలో పాల్గొన్నది. 1994 జూలై 29న ఇంగ్లండులోని ఇల్మింగ్టన్ గ్రామంలో తన స్వగృహంలో కన్నుమూసింది.